చెరువు మట్టి మీద పీహెచ్‌డీ సినాప్సిస్: విషయం ఉంది గాని ప్రశ్న లేదన్నారు

ప్రశ్న అడిగినవారు: యాసంగి

అందరికీ నమస్కారం. నేను అర్థశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. కోర్సు వర్కు ముగిసిన తర్వాత, మూడు వారాల క్రితం, పరిశోధన సలహా సంఘం ముందు నా సినాప్సిస్ (ఏం పరిశోధిస్తానో, ఎలా చేస్తానో చెప్పే ప్రణాళిక) ఉంచాను. "తెలంగాణలో చెరువుల పునరుద్ధరణ, గ్రామీణ ఆర్థిక వ్యవస్థపై దాని ప్రభావం: ఉమ్మడి వరంగల్ జిల్లా అధ్యయనం" అన్నది నేను పెట్టుకున్న శీర్షిక. ఇరవై రెండు పేజీలు శ్రద్ధగా రాశాను. సంఘంలోని పెద్దలు ఓపికగా విని, "విషయం మంచిదే గాని ఇందులో ప్రశ్న లేదు" అని చెప్పి, తిరగరాయడానికి రెండు నెలల గడువిచ్చారు. ఆ మాటకు అర్థమేమిటో అక్కడే అడిగే ధైర్యం నాకు చాలలేదు. ఇంటికి వచ్చి ఎన్నిసార్లు చదువుకున్నా లోపం ఎక్కడుందో తెలియడం లేదు, ఎందుకంటే అందులో ఏడు లక్ష్యాలు, అయిదు పరికల్పనలు (పరీక్షించి తేల్చవలసిన ఊహలు) ఉన్నాయి.

ఏం రాశానో క్లుప్తంగా చెప్తాను. మొదటి ఆరు పేజీలు కాకతీయుల కాలపు రామప్ప, పాకాల, లక్నవరం చెరువుల చరిత్ర. ఆ తర్వాత 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ పథకం, 46,531 చెరువులను దశలవారీగా బాగుచేయాలన్న దాని లక్ష్యం. భూగర్భ జలమట్టం, దిగుబడి, రైతు ఆదాయం, చేపల పెంపకం, మహిళల ఉపాధి, వలసలు, పూడికమట్టి వినియోగం అనే ఏడు అంశాలపై పథకం ప్రభావాన్ని పరిశీలిస్తానని రాశాను. పది గ్రామాల్లో మూడు వందల మంది రైతులను ప్రశ్నావళితో కలిసి, శాతాలు, కై-స్క్వేర్ పరీక్షలతో విశ్లేషిస్తానన్నాను. "మిషన్ కాకతీయ వల్ల రైతుల ఆదాయం పెరిగింది" అన్నది నా మొదటి పరికల్పన.

ఈ విషయాన్ని ఎంచుకోవడానికి కారణం మా ఊరి చెరువే. దాని ఆయకట్టు చివరన మాకు మూడెకరాలు ఉంది. 2016 ఎండాకాలంలో చెరువు తవ్వినప్పుడు మా నాన్నగారు అప్పు తెచ్చి మరీ ఎకరంన్నర చెల్కకు ట్రాక్టర్లతో మట్టి తోలించారు. మా గట్టును ఆనుకొని ఉన్న పొలంలో మాత్రం ఒక్క ట్రిప్పు కూడా పడలేదు. ఆ పొలం చేసుకునే ఆయన మా నాన్నగారి కంటే కష్టజీవి. ఆయన ఎందుకు తోలుకోలేదో నాకు అప్పుడు అర్థం కాలేదు.

నేను అడగదలచుకున్నవి ఇవి: విషయానికీ ప్రశ్నకూ తేడా ఏమిటి? ఏడు లక్ష్యాలను తగ్గించాలా? సొంత ఊరిని అధ్యయనానికి తీసుకోవచ్చా? ఈ పథకానికి సంబంధించిన నమ్మదగిన వివరాలు ఎక్కడ దొరుకుతాయి? పెద్దలు, అనుభవజ్ఞులు దయచేసి దారి చూపగలరు.

సమాధానం: నల్లబల్ల

అమ్మా, మీ సంఘం వారి మాటకు మీరు నిరుత్సాహపడవలసిన పని లేదు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి, ఇటువంటి సంఘాల్లో అనేకసార్లు కూర్చున్నవాడిగా చెప్తున్నాను: మొదటిసారి వచ్చే సినాప్సిస్‌లలో చాలా వాటికి చెప్పవలసి వచ్చే మాట ఇదే. అయితే చెప్పిన వెంటనే దాన్ని విడమరచి చెప్పడం కూడా మా బాధ్యతే, అది మీ విషయంలో జరగనందుకు బాధగా ఉంది.

ప్రశ్న అంటే దానికి రెండు మూడు విధాల జవాబులకు అవకాశం ఉండాలి, వాటిలో ఏది నిజమో అడిగేవారికి ముందుగా తెలియకూడదు, ఏది నిజమని తేలినా చదివేవారికి అంతకుముందు తెలియనిది ఏదో ఒకటి తెలియాలి. ఈ గీటురాయి మీద మీ మొదటి పరికల్పనను గీసి చూడండి. ఆదాయం పెరిగిందని మీ మూడు వందల మందిలో రెండు వందల యాభై మంది చెప్పారనుకుందాం. అది చెరువు వల్లనే పెరిగిందని మీరు ఎలా అనగలరు? 2015లో కరువు, 2016లో మంచి వానలు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. అదే సంవత్సరం మే నెలలో రైతుబంధు మొదటి చెక్కులు చేతికందాయి. 2019 జూన్‌లో కాళేశ్వరం ప్రారంభమయింది. ఒకే రైతు జీవితంలో నాలుగేళ్ల వ్యవధిలో ఇన్ని మారినప్పుడు, "చెరువు బాగయ్యాక ఆదాయం పెరిగింది" అన్న వాక్యంలో "బాగయ్యాక" అన్నది నిజం కావచ్చు గాని, "బాగవడం వల్ల" అని దాన్ని మార్చే హక్కు మీకు రాదు. కై-స్క్వేర్ పరీక్ష ఆ హక్కును ఇవ్వలేదు. రెండు సంగతులు కలిసి కనిపిస్తున్నాయా లేదా అన్నంతవరకే అది చెప్తుంది.

ఇక ఏడు లక్ష్యాల సంగతి. భూగర్భ జలమట్టం ఒక్కదానికే బోరు బావుల లోతులు, వానపాతం, కింద ఉన్న రాతి స్వభావం కావాలి. అది భూగర్భశాస్త్రవేత్త చేయదగిన పని. వలసలకు మరో రకమైన సర్వే, చేపల పెంపకానికి మత్స్య సహకార సంఘాల లెక్కలు కావాలి. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠ కాలం ఆరేళ్లు. కోర్సు వర్కుకూ చివర రాతకూ పోగా క్షేత్రంలో మీకు మిగిలేది ఏడాదో ఏడాదిన్నరో. ఆ కాలంలో ఏడు అంశాలను ముట్టుకోగలరు గాని ఒక్కదాని లోపలికీ వెళ్లలేరు.

అయితే మీ దగ్గర ప్రశ్న లేదని నేను అనను. అది మీ ఇరవై రెండు పేజీల్లో లేదు, ఇక్కడ మీరు రాసిన మూడో పేరాలో ఉంది. ఒకే చెరువు, ఒకే ఎండాకాలం, ఒకే గట్టు. ఇటు మట్టి పడింది, అటు పడలేదు. ఎందుకు? ఈ పథకంలో మట్టిని తవ్వి ట్రాక్టరులోకి ఎత్తే ఖర్చు ప్రభుత్వానిది, పొలం దాకా చేర్చే ఖర్చు రైతుది. అంటే మట్టి ఉచితమే గాని అందరికీ ఒకే ధరకు అందలేదు. పక్క పొలం ఆయన కౌలుదారు అయి ఉండవచ్చా? చెరువు మట్టి ఒక్క పంటకు వేసే యూరియా వంటిది కాదు, దాని ఫలితం నేలలో కొన్నేళ్లపాటు నిలుస్తుంది. వచ్చే ఏడు ఈ పొలం తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి, అప్పు తెచ్చి మరొకరి నేలను బాగుచేయడానికి వెనకాడితే అందులో ఆశ్చర్యం లేదు. ఇది ఒక వివరణ. ఆయన పొలం నల్లరేగడి అయి ఉండవచ్చు. చెరువు మట్టి అవసరం ఇసుకపాలు ఎక్కువైన చెల్కకు, దుబ్బ నేలకు ఉన్నంతగా రేగడికి ఉండదు. ఇది రెండో వివరణ. ఆయనకు అప్పు పుట్టకపోయి ఉండవచ్చు, పొలానికి ట్రాక్టరు వెళ్లే బాట లేకపోయి ఉండవచ్చు, తవ్వకం జరిగిన పదిహేను రోజుల్లో ట్రాక్టర్లు ఎవరి మాట విన్నాయో ఆయన వారిలో లేకపోయి ఉండవచ్చు. వీటిలో ఏది ఎంతవరకు నిజమో ఇప్పుడు నాకు తెలియదు, మీకూ తెలియదు. కనుక ఇది ప్రశ్న.

మరొక్క మాట. చరిత్రకు కేటాయించిన ఆరు పేజీలను ఒక పేరాకు కుదించండి. రామప్ప చెరువు గొప్పతనం మీద నాకూ మీకున్నంత గౌరవం ఉంది. కానీ సినాప్సిస్‌లో ప్రతి పేజీ మీ ప్రశ్నకు పని చేయాలి. శీర్షికను అన్నిటికంటే చివర రాయండి, అధ్యాయాల పట్టికను దానికి కాస్త ముందు రాయండి.

సమాధానం: కట్టమీద

నల్లబల్ల గారు ప్రశ్న గురించి చెప్పిన తర్వాత నేను చేర్చవలసింది లేదు. వివరాలు ఎక్కడ దొరుకుతాయన్న దాని గురించి, మూడేళ్లు ఊళ్లు తిరిగిన అనుభవంతో రాస్తున్నాను.

మొదట జిల్లా సంగతి. మీరు "ఉమ్మడి వరంగల్ జిల్లా" అని రాశారు. 2016 అక్టోబరు 11న రాష్ట్రంలోని పది జిల్లాలు ముప్పై ఒకటి అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి ముప్పై మూడయ్యాయి, 2021లో వరంగల్ అర్బన్ జిల్లాకు హనుమకొండ అని పేరు మారింది. మండలాల హద్దులు కూడా మారాయి. మీ పథకం సరిగ్గా ఈ మార్పుల నడుమనే నడిచింది. కనుక 2014 నాటి జిల్లా లెక్కను 2018 నాటి జిల్లా లెక్క పక్కన పెడితే పేరు ఒకటే ఉంటుంది, నేల వేరుగా ఉంటుంది. జిల్లా స్థాయి పట్టికల జోలికి వెళ్లకండి. గ్రామాన్ని ప్రమాణంగా తీసుకుని, ఆ గ్రామం ఏ ఏడు ఏ మండలంలో ఉందో చూపే ఒక చిన్న పట్టికను మీరే తయారు చేసుకోండి. చిన్న నీటి వనరుల గణన 2013-14కు ఒకసారి, 2017-18కి మరొకసారి జరిగింది. గ్రామాలను ఎంచుకోవడానికి ఆ రెండూ పనికొస్తాయి.

ఏ చెరువులో ఎంత మట్టి తీశారన్నది నీటిపారుదల శాఖ వారి ఎం.బుక్కుల్లో (కొలతల పుస్తకాల్లో) ఘనపు మీటర్లలో ఉంటుంది. అంచనా పత్రం వేరు, ఎం.బుక్కు వేరు. అంచనా అనుకున్న పని, ఎం.బుక్కు కొలిచిన పని. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. చట్ట ప్రకారం ముప్పై రోజుల్లో జవాబివ్వాలి, కానీ మీ కాలపట్టికలో నాలుగు నెలలు రాసుకోండి. ఒకే దరఖాస్తులో ముప్పై చెరువులు అడగడం కంటే, చెరువు పేరు, గ్రామం, పని జరిగిన దశ రాసి విడివిడిగా అడిగితే జవాబు త్వరగా వస్తుందని నా అనుభవం.

అసలు కష్టం కౌలు దగ్గర వస్తుంది. మన దగ్గర కౌలు ఒప్పందాల్లో చాలా భాగం నోటి మాట మీదే నడుస్తాయి. పాత పహాణీలో (ఊరి భూమి రికార్డులో) అనుభవదారు, అంటే పొలం సాగుచేస్తున్నవారి, కాలమ్ ఉండేది, 2020 అక్టోబరులో ధరణి భూరికార్డుల పోర్టల్ వచ్చాక అది లేకుండా పోయింది. రైతుబంధు డబ్బు పట్టాదారుకే పడింది, కౌలుదారుకు పడలేదు. కాబట్టి పట్టాదారు "కౌలుకిచ్చాను" అని ఒక కాగితం పట్టుకుని వచ్చిన అపరిచితులకు చెప్పడు, కౌలుదారు పట్టాదారు ముందు నోరు విప్పడు. వ్యవసాయ శాఖ జాబితా నుంచి నమూనా తీసుకుంటే మీ మూడు వందల మందిలో కౌలుదారులు దాదాపు కనిపించరు. అప్పుడు మీ ప్రశ్నకు కావలసిన మనుషులే మీ లెక్కలో ఉండరు. అందుకని నమూనా తీయడానికి ముందు ఆయకట్టును కాలినడకన తిరిగి, తూము దగ్గరి నుంచి చివరిదాకా ఒక్కొక్క చెక్కనూ (పొలం ముక్కనూ) పటం మీద గుర్తించి, "ఈ యాసంగిలో ఇది ఎవరు దున్నారు" అని మాత్రమే అడిగి జాబితా రాసుకోవాలి. నలభై ఎకరాల ఆయకట్టుకు నాకు నాలుగు రోజులు పట్టింది. నీరటికాడు (చెరువు నీటిని పొలాలకు వదిలే మనిషి) ఇంకా ఉన్న ఊరైతే ఆయనను వెంట తీసుకెళ్లండి. ఎవరి మడి ఎక్కడుందో, ఎవరు ఎవరికి గుత్తకు (ముందే ఖరారు చేసిన కౌలుకు) ఇచ్చారో, ఎవరు పాలుకు (పంటలో వాటాకు) చేస్తున్నారో ఆయనకు తెలిసినంతగా ఏ కార్యాలయానికీ తెలియదు. గుత్తకూ పాలుకూ తేడాను మాత్రం మీ ప్రశ్నావళిలో వదలకండి. పాలుకు చేసేచోట పట్టాదారుకు కూడా దిగుబడిలో వాటా ఉంటుంది గనుక మట్టి ఖర్చులో ఆయన చేయి కలిపి ఉండవచ్చు.

జ్ఞాపకం గురించి కూడా సినాప్సిస్‌లో ఒక పేరా రాయండి. మట్టి తోలి దాదాపు పదేళ్లు కావస్తోంది. "2016లో ఎన్ని ట్రిప్పులు" అంటే ఎవరూ చెప్పలేరు. "నోట్ల రద్దుకు ముందు వచ్చిన ఎండాకాలమా, తర్వాత వచ్చినదా?", "రైతుబంధు మొదటి చెక్కు వచ్చిన ఏడా?" అని అడిగితే ఏడాదిని సరిగ్గానే చెప్తారు. ట్రిప్పుల సంఖ్య కంటే "ఎన్ని రోజులు ట్రాక్టరు నడిచింది, ఎక్కడ అప్పు తెచ్చారు" అన్నవి బాగా గుర్తుంటాయి, ఎందుకంటే అప్పు తీర్చిన మనిషి దాన్ని మరచిపోడు.

సొంత ఊరి గురించి అడిగారు. నేను సొంత మండలంలో చేశాను గాని సొంత ఊరిలో చేయలేదు. మీ ఊరిలో మీరు ఫలానా వారి అమ్మాయి. మీ నాన్నగారికి పడనివారు మీతో మాట్లాడరు, పడినవారు మీరు వినాలనుకుంటున్నదే చెప్తారు. పక్కింటి కౌలుదారును "మీకు అప్పు ఎందుకు పుట్టలేదు" అని అడగడం ఆయనకు ఎంత ఇబ్బందో మీకే తెలుస్తుంది. ప్రశ్నావళిని సరిచూసుకోవడానికి మొదటి పరీక్ష మీ ఊరిలో చేయండి. అక్కడ వాడే మాటలు, తప్పు వినిపించే ప్రశ్నలు అన్నీ బయటపడతాయి. అసలు లెక్కలోకి మాత్రం ఆ ఊరిని తీసుకోకండి. తీసుకోనందుకు కారణాన్ని సినాప్సిస్‌లో నిజాయితీగా రాయండి.

సమాధానం: పెన్నేటి గట్టు

నేను అనంతపురం జిల్లా వాడిని. పూర్వ పరిశోధనల సమీక్ష గురించి ఒక మాట చెప్పాలనిపించింది, దాన్ని ఎవరూ ఇంకా ముట్టుకోలేదు. మన సినాప్సిస్‌లలో ఈ భాగం "ఫలానా వారు ఫలానా సంవత్సరంలో ఇలా అన్నారు" అనే పేరాలు ఇరవై వరుసగా పేర్చినట్టు ఉంటుంది. మీది కూడా అలాగే ఉందేమో చూసుకోండి. సమీక్ష అంటే మీ ప్రశ్న దగ్గరికి ఇతరులు ఎంత దూరం వచ్చారో, ఎక్కడ ఆగారో చూపడం.

ఉదాహరణకు రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లాలోని కాలువ కింది గ్రామాలను పరిశీలించి 1988లో పుస్తకం ప్రచురించారు. ఆయన "కాలువ నీటి పంపిణీ ప్రభావం" అని అడగలేదు. కొన్ని గ్రామాలు తమ ఖర్చుతో నీరుకట్టు మనుషులను పెట్టుకుని నీటిని కలిసి పంచుకుంటున్నాయి, కొద్ది దూరంలోనే ఉన్న మరికొన్ని గ్రామాలు ఆ పని చేయడం లేదు, ఎందుకని అడిగారు. కాలువ చివరి భాగాన, నీరు అందుతుందో లేదో అన్న భయం ఎక్కువగా ఉన్నచోట కలిసికట్టుదనం ఎక్కువగా కనిపించిందని ఆయన వివరణ. ఒకచోట ఉండి పక్కచోట లేకపోవడాన్ని పట్టుకోవడంలోనే ఆ పరిశోధన బలమంతా ఉంది. మీ గట్టుకు ఇటూ అటూ ఉన్న తేడా సరిగ్గా అటువంటిది. మీ ప్రశ్నను ఈ కోవలో నిలబెడితే, అది ఒక పథకం మూల్యాంకనంగా మిగిలిపోకుండా, ఉమ్మడి వనరు మీద వ్యక్తులు సొంత డబ్బు ఎప్పుడు పెడతారు అన్న పెద్ద చర్చలో భాగమవుతుంది.

చరిత్రను ఒక పేరాకు కుదించమన్న నల్లబల్ల గారి మాటతో మాత్రం నేను పూర్తిగా ఏకీభవించలేను. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు గురించి 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, తగిలే ఆరు దోషాలు అందులో చెక్కారు. ఇటువంటి వాటిని అలంకారంగా పెట్టడం వృథా అన్నది నిజమే. కానీ ఎండాకాలంలో ఎడ్లబండ్ల మీద చెరువు మట్టి తోలుకోవడం 2015లో పుట్టిన పని కాదు. మీ తాతగారి తరంలో ఎవరు తోలేవారు, బండి లేనివారు ఏం చేసేవారు, ఏ దశాబ్దంలో అది ఎందుకు ఆగిపోయింది అన్నది మీ ప్రశ్నకు నేరుగా సంబంధించిన చరిత్ర. ముసలివారు ఉండగానే దాన్ని అడిగి రాసుకోవాలి. కాకతీయులను వదిలి, మీ తాతగారి దగ్గర మొదలుపెట్టండి.

సమాధానం: నల్లబల్ల

పెన్నేటి గట్టు గారి సవరణను సంతోషంగా ఒప్పుకుంటున్నాను. ఆ చరిత్రకు రెండు పేజీలు ఇచ్చినా ఎక్కువ కాదు.

సమాధానం: దూరపు చేను

నేను విదేశంలో వ్యవసాయ అర్థశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, సొంత ఊరు జనగామ దగ్గర. రెండు విషయాలు చెప్తాను.

మొదటిది నమూనాలో ప్రమాణం గురించి. మీరు "మూడు వందల మంది రైతులు" అని రాశారు. మీ ప్రశ్నకు మనిషి కంటే చెక్క ప్రమాణంగా ఉండడం మంచిది. సొంత చెక్క ఒకటి, కౌలు చెక్క ఒకటి, రెండూ చేసే రైతులు ప్రతి ఊరిలో ఉంటారు. ఆ ఒకే రైతు తన సొంత చెక్కకు మట్టి తోలి, కౌలు చెక్కకు తోలలేదని తేలితే, అతని కష్టపడే గుణం, అప్పు పుట్టే శక్తి, కులం, చదువు, ఊరిలో పలుకుబడి అన్నీ రెండు చెక్కలకూ ఒకటే గనుక ఆ వివరణలన్నీ పక్కకు పోతాయి. మిగిలేవి కౌలు, నేల స్వభావం, దూరం, బాట. వీటిలో చివరి మూడింటినీ మీరు కళ్లతో చూసి రాసుకోగలరు. ఈ పద్ధతి కొత్తది కాదు. పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975 నుంచి సేకరించిన గ్రామ అధ్యయనాల వివరాలతో రద్వాన్ షబాన్ అనే ఆర్థికవేత్త 1987లో ఇదే పోలిక చేసి, ఒకే కుటుంబం సొంత పొలంలో పెట్టినంత పెట్టుబడి పాలుకు తీసుకున్న పొలంలో పెట్టడం లేదని చూపించారు. ఆ గ్రామాల్లో పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని డోకూర్ కూడా ఉంది. ఆయన చూసింది ప్రధానంగా ఏటా పెట్టే పెట్టుబడులను. ఏళ్ల తరబడి నేలలో నిలిచే చెరువు మట్టి విషయంలో ఆ తేడా ఇంకా పెద్దదై ఉండాలి. ఎంత పెద్దది అన్నది మీరు చేర్చగల కొత్త సంగతి.

రెండోది, ఎవరైనా మిమ్మల్ని ఉపగ్రహ చిత్రాలు వాడమని చెప్పవచ్చు. చెరువులో నీరు ఎప్పుడు ఎంత విస్తీర్ణంలో ఉందో ల్యాండ్‌శాట్ చిత్రాల్లో 1984 నుంచి చూడవచ్చు, కానీ వాటిలో ఒక్కొక్క గడి 30 మీటర్లు. పది మీటర్ల వివరం ఇచ్చే సెంటినెల్-2 ఉపగ్రహం 2015 జూన్‌లో గాని ఎగరలేదు, అంటే పథకానికి ముందు కాలానికి దాని చిత్రాలు లేవు. వానాకాలంలో మబ్బులు అడ్డం వస్తాయి. రెండెకరాల చెక్కలో మట్టి పడిందా లేదా అన్నది వీటిలో నమ్మకంగా కనిపించదు. చెరువులను ఎంచుకోవడానికి వాడండి, అంతకు మించి మీ ప్రశ్నకు అవి అవసరం లేదు. కొత్త పద్ధతి ఉంటే సంఘం మెచ్చుకుంటుందన్న ఆశతో దాన్ని చేర్చకండి.

యాసంగి

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నిన్న సెలవు రోజున ఊరికి వెళ్లాను. మా గట్టు పక్క పొలం ఆయనను పదేళ్ల తర్వాత ఆ ప్రశ్న అడిగాను. ఆయన కౌలుదారే. 2016లో ఆ పొలం ఆయనకు ఏడాది గుత్తకు ఉంది. "బిడ్డా, నేను మట్టి పోస్తే పొలం మంచిగైతది, మంచిగైతే గుత్త పెంచుతరు, లేకుంటే ఇంకొకనికిస్తరు" అన్నారు. ఆ మాట విన్న తర్వాత నా పాత సినాప్సిస్‌లో నేను ఈ మనిషిని "సన్నకారు రైతు" అనే గడిలో వేసి ఉండేదాన్నని గుర్తొచ్చి చాలాసేపు మౌనంగా ఉండిపోయాను.

సవరించిన ప్రశ్నను ఇలా రాశాను, దయచేసి చూడండి: "2015 నుంచి 2018 వరకు మిషన్ కాకతీయ కింద తవ్విన చెరువుల ఆయకట్టులో, ఒకే రైతు సాగుచేసిన సొంత చెక్కకూ కౌలు చెక్కకూ పూడికమట్టి తోలడంలో తేడా ఉందా? ఉంటే అందులో ఎంత భాగాన్ని కౌలు కాలపరిమితి, కౌలు రకం వివరిస్తాయి, ఎంత భాగాన్ని నేల స్వభావం, చెరువు నుంచి దూరం, ట్రాక్టరు బాట వివరిస్తాయి?" ఒకే గొలుసుకట్టులోని (ఒకదాని అలుగు నీరు మరొకదానిలోకి చేరే వరుసలోని) నాలుగు చెరువులు తీసుకుంటాను, మా ఊరి చెరువు అందులో ఉండదు. ఆయకట్టు మొత్తం నడిచి చెక్కల జాబితా చేస్తాను. ఊరి పెద్దల మాటల నుంచి పాతకాలపు మట్టి తోలకం గురించి ఒక అధ్యాయం ఉంటుంది. ఏడు లక్ష్యాలు రెండయ్యాయి. యాసంగి కోతలు ముగిసిన తర్వాత, ఏప్రిల్ చివర క్షేత్రానికి వెళ్లాలని కాలపట్టికలో రాశాను. నైతిక సంఘం అనుమతికి దరఖాస్తు కూడా సిద్ధం చేస్తున్నాను, కౌలుదారుల పేర్లు, పొలం సర్వే నంబర్లు ఎక్కడా ప్రచురించనని అందులో హామీ ఇస్తున్నాను.

సమాధానం: కట్టమీద

చాలా బాగుంది. ఇప్పుడు మీ సంఘం వారు అడగబోయే రెండు ప్రశ్నలకు ముందే జవాబు రాసి పెట్టుకోండి.

ఒకటి, "కౌలు చెక్క" అంటే ఇప్పటి కౌలా, తవ్వకం జరిగిన ఎండాకాలపు కౌలా? ఈ పదేళ్లలో చేతులు మారని కౌలు చెక్కలు తక్కువ. కనుక ప్రతి చెక్కకూ రెండు తేదీల వివరం కావాలి. ఇప్పుడు ఎవరు చేస్తున్నారు, ఆ ఎండాకాలంలో ఎవరు చేశారు అని రెండు కాలమ్‌లు పెట్టండి. అప్పటి కౌలుదారు ఇప్పుడు హైదరాబాదులో కూలి పని చేస్తూ ఉండవచ్చు, ఆయనను వెతికి పట్టుకోవడానికి సమయం కేటాయించండి. ఆయనను వదిలేస్తే పొలం నిలుపుకున్నవారి కథ మాత్రమే మీకు దొరుకుతుంది.

రెండు, కౌలు చెక్కలో మట్టి పడిందంటే కౌలుదారే తోలాడని అర్థం కాదు. కౌలుకిచ్చిన పట్టాదారే తన నేల గనుక తోలించి ఉండవచ్చు, ఆ తర్వాతి ఏడు గుత్త పెంచి ఉండవచ్చు. "మట్టి పడిందా" అన్న కాలమ్ పక్కనే "ట్రాక్టరు కిరాయి ఎవరు ఇచ్చారు", "మరుసటి ఏడు గుత్త ఎంతకు మారింది" అని మరో రెండు కాలమ్‌లు చేర్చండి. మీ గట్టు పక్క ఆయన చెప్పిన మాట నిజమో కాదో తేల్చేది ఆ చివరి కాలమ్‌లోని జవాబే. ప్రశ్నావళి ముసాయిదా తయారయ్యాక ఇక్కడ పెట్టండి, చదివి చెప్తాను.